మొదట పక్క, తరువాత ప్రార్థన: ఒక పల్లె సంఘం కేస్ స్టడీ

ప్రకాశం జిల్లాలో టంగుటూరుకూ కొండపికీ నడుమనున్న ఒక పల్లెలో, ఇంచుమించు 70 కుటుంబాలున్న బాప్టిస్టు సంఘానికి నేను 19 ఏళ్లుగా కాపరిగా ఉన్నాను. పక్షవాతంతో మంచాన పడిన ఒక పెద్దాయన విషయంలో మా సంఘం మొదటి రెండు నెలలు ఏం చేసింది, ఏం చేయలేదు, తరువాతి ఎనిమిది నెలల్లో ఏం నేర్చుకుంది, ఎక్కడ తప్పింది అన్నది ఇందులో రాస్తున్నాను. ఆయన ఇంటివారి అనుమతి తీసుకున్నాను. వారిని గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. సంఘం గురించిన వివరాలు మార్చలేదు, ముఖ్యంగా నా గురించినవి.

మా వాళ్లలో ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. ఆడవాళ్లు పొగాకు గ్రేడింగుకు పోతారు. వయసులో ఉన్న మగవాళ్లు సెంట్రింగ్, తాపీ పనులకు హైదరాబాదు, బెంగుళూరు వెళ్లి క్రిస్మస్‌కు ఇళ్లకు వస్తారు. ఆదివారం ఆరాధన, బుధవారం గృహ కూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన, స్త్రీల సమాజం, యవనస్థుల కూటమి, ఇంటింటా వంటకు ముందు దేవునికని తీసిపెట్టే పిడికెడు బియ్యం, అన్నీ సక్రమంగా జరుగుతాయి. బయటి నుంచి వచ్చిన బోధకులు ఎవరైనా మాది బతికున్న సంఘమనే అనేవారు, నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

రోగి, ఇల్లు

పెద్దాయనకు 68 ఏళ్లు. ఒకప్పుడు మా గుడిలో పాట ఎత్తేది ఆయనే, డోలక్ వాయించేది ఆయనే. కొంతకాలం సంఘం కోశాధికారిగా కూడా చేశారు. ఏడేళ్ల కిందట గుడికి శ్లాబు వేసినప్పటి లెక్కల దగ్గర ఆయనకూ కార్యదర్శికీ మాటామాటా పెరిగింది; కమిటీ కార్యదర్శి పక్షాన నిలిచింది, నేను కమిటీ పక్షాన నిలిచాను. మరుసటి ఆదివారం నుంచి ఆయన గుడికి రావడం మానేశారు. భార్య, కోడలు మాత్రం అప్పుడప్పుడూ వచ్చి వెనక వరసలో కూర్చుని, ఆఖరి ప్రార్థన కాకముందే లేచి వెళ్లిపోయేవారు.

ఆగస్టు మధ్యలో ఒక తెల్లవారుజామున ఆయనకు కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి, మాట పోయింది. 108లో ఒంగోలు తీసుకువెళ్లారు, 12 రోజుల తరువాత ఇంటికి తెచ్చారు. మూత్రానికి గొట్టం వేశారు. ఇంట్లో ఉన్నది మోకాళ్ల నొప్పులతో తానే గోడ పట్టుకుని నడిచే భార్య, ఇద్దరు చిన్నపిల్లలున్న కోడలు. కొడుకు హైదరాబాదు నుంచి వచ్చి నెల రోజులున్నాడు, అప్పు పెరుగుతుంటే మళ్లీ పనికి వెళ్లిపోయాడు. కాబట్టి మంచాన ఉన్న ఆ భారీ మనిషిని కదిపే పని అంతా ఒక్క కోడలి చేతుల మీద పడింది.

తొమ్మిది ఆదివారాలు

వరసగా తొమ్మిది ఆదివారాలు ఆయన పేరు ప్రార్థన మనవుల కాగితంలో ఉంది. నేను చదివాను, సంఘం ఆమేన్ అన్నది. సెప్టెంబరు మొదటి వారంలో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక 16 మందిమి కలిసి ఆ ఇంటికి వెళ్లాం. మంచం చుట్టూ నిలబడి రెండు పాటలు పాడాం, ముగ్గురు ప్రార్థన చేశారు, పోగుచేసిన 2,300 రూపాయలు తలగడ కింద పెట్టి వచ్చాం. మేం వెళ్లేసరికి ఆ గదిలో ఊదొత్తులు వెలుగుతున్నాయి. తిరిగి వస్తూ దారిలో ఒకరు, "చూశారా అయ్యగారూ, గుడి మానేసినవాళ్లు చివరికి ఎక్కడికి చేరతారో" అన్నారు. నేను అవుననలేదు, కాదనీ అనలేదు.

స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరైన ఒక సోదరి మా సంఘంలో ఉంది. అక్టోబరు మధ్యలో ఆమె ఏదో పని మీద ఆ ఇంటికి వెళ్లి, గుమ్మంలోనే వాసన పసిగట్టి, లోపలికి పోయి దుప్పటి తీసి చూసింది. నడుము కింద, వెన్నెముక ముగిసే చోట ఏడు సెంటీమీటర్ల పొడవు, ఐదు సెంటీమీటర్ల వెడల్పున పుండు. లోపల నల్లగా చచ్చిన కండ. కుడి మడమ మీద ఇంకొకటి. ఊదొత్తులు ఆ వాసన బయటికి తెలియకుండా ఉండటానికి వెలిగించినవి.

మరునాడు నేను ఒక్కణ్ణే వెళ్లాను. కోడలు పిల్లవాణ్ణి చంకనేసుకుని గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఎలా ఉన్నారమ్మా అంటే ఉన్నారండీ అన్నది. ఇంకాసేపటికి తనే చెప్పింది: "మీరందరూ వచ్చిన పూట పదహారు మందికి టీ పెట్టాల్సొచ్చింది అయ్యగారూ. పాలు చాలక పక్కింట్లో అడిగి తెచ్చాను. ఆ హడావుడిలో మామని మధ్యాన్నం నించి రాత్రి దాకా ఒక్కసారి గూడా పక్కకి తిప్పలేదు." ఆమె దాన్ని నిష్ఠూరంగా చెప్పలేదు, తన తప్పు ఒప్పుకుంటున్నట్టు చెప్పింది. ఇంటికి వచ్చాక చాలాసేపు నాకు అన్నం సయించలేదు.

మొద్దుబారిన చోటు

రోగిలో పుండు ఎక్కడుందో నర్సు సోదరి చూసింది. సంఘంలో ఎక్కడుందో చూడవలసిన పని నాది. మా ప్రసంగాల్లో ఈ స్థితికి చల్లారిపోవడమనీ నులివెచ్చగా ఉండటమనీ పేర్లున్నాయి. లవొదికయ సంఘానికి ప్రకటన గ్రంథం మూడో అధ్యాయంలో వచ్చిన గద్దింపు మా సంఘంలో పదేళ్ల పిల్లనడిగినా చెబుతుంది. అయితే నులివెచ్చదనమంటే పాటల్లో ఊపు తగ్గడం, ఉపవాస ప్రార్థనకు జనం పలచబడటం అనే మేమందరం అర్థం చేసుకున్నాం గనుక, దానికి మందు మూడు రోజుల ఉజ్జీవ కూటాలే అనుకున్నాం. పదేళ్లలో నేనే నాలుగుసార్లు పెట్టించాను. ఒక్కసారి కూటాలకు మైకుసెట్టుకూ షామియానాకూ అయిన ఖర్చుతో, మంచాన పడ్డవాళ్ల కింద వేసే గాలి పరుపులు నాలుగైదు కొనవచ్చునని తరువాత తెలిసింది. కూటాలు వద్దని నా ఉద్దేశం కాదు. చలి ఎక్కడ పట్టిందో తడిమి చూడకుండానే కంబళి కప్పామని చెబుతున్నాను.

ఆ తరువాతి రెండు వారాల్లో 20 ఇళ్లకు వెళ్లి, ఆదివారం గుడిలో ఆయన పేరు విన్నాక సోమవారం మీరేమనుకున్నారు అని ఒక్క ప్రశ్నే అడిగాను. రాతిగుండెవాళ్లు ఒక్కరూ కనబడలేదు. పెద్దలు చూసుకుంటారనుకున్నామని సంఘస్థులు అన్నారు. అయ్యగారు చూస్తారనుకున్నామని పెద్దలు అన్నారు. బంధువులున్నారు, ఊళ్లో నర్సుంది అని నేననుకున్నాను. ఒక ముసలమ్మ మాత్రం, "ప్రార్థనలో పెట్టాం గదా నాయనా, ఇంక ఆయన చేతిలో ఉంది" అన్నది. ఆ మాట విశ్వాసంతో అన్నదే, ఆమె విశ్వాసాన్ని నేను శంకించను. కాని సంఘం మొత్తం మీద అది, పని అప్పజెప్పేసినట్టు పుచ్చుకున్న రసీదులా పనిచేసింది. కాగితంలో పేరు ఎక్కింది గనుక ఎవరి మనసుమీదా బరువు మిగల్లేదు. అసలు ఆయన పేరు ఆ కాగితంలో లేకపోయి ఉంటే, ఎవరో ఒకరు ముందే వెళ్లి చూసి ఉండేవారేమోనని ఇప్పటికీ నాకు అనిపిస్తుంది.

ఇక నా సంగతి. బుధవారం గృహ కూడికకు ఏ ఇంటికి వెళ్లాలన్నా నా బండి ఆ గుమ్మం ముందు నుంచే పోవాలి. ఆ రెండు నెలల్లో ప్రతి బుధవారమూ పోయింది. ప్రతిసారీ వచ్చేటప్పుడు ఆగుదాంలే అనుకున్నాను, వచ్చేటప్పటికి రాత్రి తొమ్మిదిన్నర అయ్యేది. 1973లో డార్లీ, బాట్సన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో ప్రచురించిన ఒక పరిశోధన గురించి సెమినరీలో విన్నాను గాని, అది నా గురించేనని అప్పుడు తోచలేదు. వాళ్లు ప్రిన్స్‌టన్ సెమినరీ విద్యార్థులు 40 మందిని, ఒక చిన్న ప్రసంగం చేయాలని చెప్పి ఒక భవనం నుంచి మరో భవనానికి ఒక్కొక్కరినే పంపారు. దారిలో ఒక మనిషి తలవాల్చి, దగ్గుతూ మూలుగుతూ కూలబడి ఉండేట్టు ఏర్పాటు చేశారు. వారిలో కొందరు చెప్పబోయేది మంచి సమరయుని ఉపమానం మీదనే. అంశం వల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు, తొందర వల్ల వచ్చింది. తీరికగా వెళ్లినవారిలో 63 శాతం, కొంత తొందరలో ఉన్నవారిలో 45 శాతం, ఇప్పటికే ఆలస్యమైందని తరిమినవారిలో 10 శాతం మాత్రమే ఏదో ఒక సాయం చేశారు.

లూకా సువార్త పదో అధ్యాయంలోని ఆ ఉపమానంలో, దొంగలు కొట్టి దారిలో వదిలేసిన మనిషిని యాజకుడూ చూశాడు, లేవీయుడూ చూశాడు, సమరయుడూ చూశాడు. తేడా ఆ తరువాతి మాటలో ఉంది. మన తెలుగు బైబిల్లో జాలిపడటమని ఉన్నచోట గ్రీకులో ఉన్న క్రియ పేగులకున్న పేరు నుంచి పుట్టింది; పల్లెలో కడుపు తరుక్కుపోయింది అంటామే, అదన్నమాట. నాయీను విధవరాలిని చూసిన యేసు విషయంలోనూ, తప్పిపోయిన కుమారుణ్ణి దూరాన చూసిన తండ్రి విషయంలోనూ లూకా ఆ మాటే వాడాడు. ఇన్నేళ్లూ నేను ఆ మాటను వివరించి, కళ్లు తుడుచుకునేవాళ్లను చూసి, ప్రసంగం బాగా వచ్చిందనుకుని కూర్చునేవాణ్ణి. దాని వెనుక పనులు బారులు తీరి ఉన్నాయి: దగ్గరికి పోవడం, నూనే ద్రాక్షారసమూ పోసి గాయం కట్టడం, తన వాహనం మీద ఎక్కించడం, పూటకూళ్ల ఇంటికి చేర్చడం, డబ్బివ్వడం, మళ్లీ వస్తానని చెప్పి పోవడం.

నోట్‌బుక్కు

నర్సు సోదరి చెప్పిన లెక్క ఇది. రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. గాలి పరుపు వేస్తే రాత్రిళ్లు ఇంటివాళ్లు ఎలాగో చూసుకోగలరు. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా ఏడు వంతులు, వారానికి 49. వంతుకు ఇద్దరు కావాలి, ఎందుకంటే ఒక్కరే తిప్పితే లాగవలసి వస్తుంది, లాగితే చర్మం దుప్పటికి రాసుకుని కొత్త పుండు పడుతుంది. అంటే వారానికి 98 సార్లు మా సంఘంలో ఎవరో ఒకరు ఆ గడప దాటాలి. ఇది విన్నప్పుడు కమిటీలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు.

గుడిలో చాప మీద ఒక కుర్రవాణ్ణి పడుకోబెట్టి ఆమె చేసి చూపించింది. పాత చీరను నాలుగు మడతలు వేసి నడుము కింద పరచాలి. ఇద్దరూ చెరో అంచూ పట్టుకుని ఒకేసారి ఎత్తి తిప్పాలి. పూర్తిగా పక్కకు ఒత్తిగించకూడదు, ముప్పై డిగ్రీల వాలు చాలు, వీపు వెనక బొంత మడిచి ఆనించాలి. మోకాళ్ల మధ్య ఒక దిండు, మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద మరొకటి. ఎర్రబడ్డ చోట రుద్దకూడదు, పౌడరు చల్లకూడదు. ఈ చివరి మాట మా ఆడవాళ్లకు అసలు నచ్చలేదు, నొప్పి ఉన్నచోట చేత్తో రుద్దడమే వాళ్లకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన ప్రేమ. పుండు కడగడం, చచ్చిన కండ తీయడం, వాసన తగ్గడానికి మెట్రోనిడజోల్ బిళ్లలు పొడి చేసి వేయడం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుగారి సలహాతో ఆమే చేసింది, వాటి జోలికి మాలో ఎవరం పోలేదు. స్త్రీల సమాజంవారి పిడికెడు బియ్యం డబ్బు అంతకుముందు సభలకు వచ్చే అతిథుల భోజనాలకు పోయేది. అది ఇప్పుడు ఆయనకు రోజుకు రెండు గుడ్లకూ పప్పుకూ మళ్లింది.

200 పేజీల నోట్‌బుక్కు ఒకటి ఆ మంచం పక్కన కిటికీలో పెట్టాం. తేదీ, వేళ, ఏ పక్కకు తిప్పారు, మడమ రంగు ఎలా ఉంది, ఎవరెవరు వచ్చారు, ఇవీ అందులో గడులు. మొదటి పేజీలో నాలుగు నియమాలు రాశాను. మొదట పక్క, తరువాత ప్రార్థన. ఆ ఇంట్లో టీ తాగకూడదు. ఇద్దరికి మించి లోపలికి పోకూడదు. ఫొటో తీయకూడదు. నాలుగో నియమం మొదట లేదు. ఒక కుర్రవాడు ఆయనకు స్నానం చేయిస్తున్న ఫొటోను సేవ అని రాసి వాట్సాప్ స్టేటస్‌గా పెట్టాడు. హైదరాబాదులో కొడుకు తోటి పనివాడి ఫోన్‌లో దాన్ని చూశాడు. అతడు నాకు ఫోన్ చేసి అరవలేదు, ఇకమీదట మా నాన్నను బట్టల్లేకుండా ఎవరికీ చూపించకండి అయ్యగారూ అన్నాడు, అంతే. ఆ రోజే నాలుగో నియమం రాశాను.

కమిటీలో అసలు అడ్డు మరొకటి వచ్చింది. సంఘంతో తగాదా పడి వెళ్లిపోయిన మనిషి ముందు సమాధానపడాలి గదా, కనీసం ఇంటివాళ్లయినా తిరిగి సంఘంలో చేరతామని చెప్పాలి గదా అని ఒక పెద్ద అన్నారు. ఆయన దుర్మార్గుడేమీ కాదు, క్రమశిక్షణ ఉండాలన్నది ఆయన పట్టుదల. నేను ఆయనకు ఉపమానం చెప్పలేదు, మా జిల్లా కథే చెప్పాను. 1876 నుంచి 1878 దాకా సాగిన కరువులో, ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని, తిండి లేని వేలాదిమందికి కూలి చూపించాడు. ఊరూరా సువార్త చెప్పే బోధకులే కాలువ గట్టున మేస్త్రీలయ్యారు. ఆ కాలంలో బాప్తిస్మం అడిగినవాళ్లకు, గంజి కోసం వచ్చారన్న మాట పడకూడదని, 15 నెలల పాటు ఇవ్వలేదు. కరువు పని ముగిశాకనే, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మందికి ఇచ్చారు. మా సంఘాల్లో ఆ 2,222 అందరికీ కంఠతా వచ్చు, దానికి ముందున్న మూడున్నర మైళ్లు మాత్రం ఎవరికీ జ్ఞాపకం లేదు. ఆ పెద్ద ఒప్పుకోలేదు గాని అడ్డు చెప్పడం మానుకున్నారు. ఏ షరతూ పెట్టకూడదని తీర్మానం రాసుకున్నాం.

రెండు గంటల వంతు

అన్నిటికంటే కష్టమైనది మధ్యాహ్నం రెండు గంటల వంతు. ఉదయం వంతులకు ఆడవాళ్లు పనికి పోతూ వచ్చేవారు, సాయంత్రం కుర్రవాళ్లు వచ్చేవారు. రెండు గంటలకు అన్నం తిని నడుము వాల్చినవాళ్లను ఆ ఎండలో కదిలించడం ఎవరి తరం కాలేదు. నాలుగో శతాబ్దంలో ఐగుప్తు ఎడారిలో ఉన్న ఇవాగ్రియస్ అనే సన్యాసి ఈ బద్ధకానికి మిట్టమధ్యాహ్నపు దయ్యమని పేరు పెట్టాడు. అది పగటి నాలుగో గంట నుంచి ఎనిమిదో గంట వరకు, మన లెక్కలో పది నుంచి రెండు దాకా, మనిషిని పట్టుకుంటుందట. పొద్దు కదలనట్టుంటుంది, ఉన్నచోటు అసహ్యమనిపిస్తుంది. ఆయన ఇంకొక మాట కూడా అన్నాడు. ఆ బద్ధకం పట్టినవాడు రోగులను పరామర్శించి వస్తానని బయలుదేరతాడు గాని, తీర్చుకునేది తన కోరికనే. మా పదహారు మంది ఊరేగింపును ఆయన చూసినట్టే ఉంది. మంగళవారం రెండు గంటల వంతు నేను తీసుకున్నాను. మొత్తం 33 మంగళవారాల్లో ఏడుసార్లు వెళ్లలేకపోయాను. అందులో రెండుసార్లు నిజంగానే వేరే ఊళ్లో ఉన్నాను.

పొగాకు కాలం

జనవరి మూడో వారంలో మా ఏర్పాటు కూలింది. పొగాకు ఆకు రెల్లుడు, అంటే కోత, మొదలైంది, ఆకును కాల్చి ఆరబెట్టే బ్యారన్లు వెలిగించారు. ఒకసారి ఆకు ఎక్కిస్తే ఐదారు రోజులు రాత్రింబగళ్లు మంట కనిపెట్టుకుని ఉండాలి. కూలి దొరికే ఆ నాలుగు నెలలే మా ఇళ్లలో ఏడాది అప్పులు తీరే కాలం. నోట్‌బుక్కులో ఆ వారం 49 వంతులకు 22 మాత్రమే నిండాయి. ఆ తరువాతి వారం 41 కనిపించాయి, నేను సంతోషించాను. అయితే మానుతున్న మడమ మళ్లీ పగిలింది. నర్సు సోదరి నోట్‌బుక్కు తీసి నా ముందు పెట్టి, మూడు రోజుల రెండు గంటల వంతులూ నాలుగు గంటల వంతులూ ఒకే కలంతో, ఒకే చేతిరాతతో, ఒకే ఏటవాలుగా ఉన్నాయి చూడండి అన్నది. రాసిన అమ్మాయిని పిలిచి అడిగితే ఏడ్చింది. అందరి పేర్లూ ఖాళీగా ఉంటే గుడికి సిగ్గు గదా అన్నది. సిగ్గు కాపాడటం ఆ పిల్లకు నేర్పింది మేమే. ఏటా సంఘ నివేదికలో హాజరు అంకెలు నేనూ కొంచెం పెంచి రాసేవాణ్ణి.

ఏం చేయాలో తెలియక పది రోజులు గడిచాయి. ఆ వ్యవధిలో కోడలు మళ్లీ ఒంటరిగానే తిప్పింది. చివరికి ఒక విధవరాలు, పొగాకు ఘాటు పడక గ్రేడింగుకు పోలేని ఆమె, తాను పన్నెండు, రెండు, నాలుగు వంతులకు రోజూ ఉంటాననీ, సగం రోజు కూలి ఇస్తే చాలుననీ అడిగింది. గుడి గోపురం కోసం దాచిన నిధి నుంచి పది వారాలు ఇద్దామని నేను కమిటీలో పెట్టాను. కూలిచ్చి చేయించేది కనికరమెలా అవుతుందని ఒకరన్నారు. గోపురం డబ్బు ముట్టుకోకూడదని ఇంకొకరన్నారు. నిజానికి మొదటి ప్రశ్న నన్నూ కలవరపెట్టింది, ఎందుకంటే మన చేతులతో చేస్తేనే సేవ అని పూనుకున్నది నేనే.

ఆ వారం ఉపమానాన్ని మళ్లీ చదివాను. సమరయుడు రాత్రంతా తానే పరామర్శించాడు, నిజమే. కాని మరునాడు తన ప్రయాణం మానుకోలేదు. పూటకూళ్లవానికి రెండు దేనారాలిచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానని చెప్పి వెళ్లాడు. మత్తయి సువార్తలో ద్రాక్షతోట కూలీలకు కుదిరిన దినకూలి ఒక దేనారం. కాబట్టి అతడు ఇచ్చింది రెండు రోజుల కూలి, పైగా ఖాతా తెరిచి పెట్టాడు. పూటకూళ్లవాడు డబ్బు పుచ్చుకున్నాడు గనుక ఆ గాయపడ్డవాడికి అందిన నీళ్లు నీళ్లు కాకుండా పోలేదు. మా ప్రసంగాల్లో ఈ పూటకూళ్లవాడికి ఎప్పుడూ చోటు లేదు. అతడికీ ఒక ముఖం ఉందని నాకు ఆ విధవరాలు చెయ్యి చాచి అడిగినప్పుడు తెలిసింది. ఆమె పది వారాల్లో ఒక్క వంతు తప్పలేదు. రెండో మనిషిగా స్త్రీల సమాజం నుంచి పనికి పోని వృద్ధురాళ్లు వంతులు వేసుకున్నారు, వాళ్లకు ఎత్తే శక్తి లేకపోయినా చీర అంచు పట్టుకోగలరు. ఫిబ్రవరి చివరికి మడమ పుండు ఎండింది.

పాట

డిసెంబరులో ఒక సాయంత్రం వంతుకు వచ్చిన కుర్రవాడు పని చేస్తూ పాత కీర్తన ఒకటి కూనిరాగం తీస్తుంటే, నీళ్లు అన్న మాట కూడా పలకలేని పెద్దాయన ఆ చరణం చివరిదాకా మాటలతో సహా పాడారు. కుర్రవాడు పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పాడు. ఇద్దరు పెద్దలు వెళ్లి విని ఏడ్చారు. క్రిస్మస్ ఆరాధనలో అద్భుత సాక్ష్యంగా ప్రకటించాలన్నారు. నర్సు సోదరి, ఎడమ మెదడు దెబ్బతిని మాట పోయినవాళ్లలో చాలామందికి చిన్నప్పటి పాటలు నిలుస్తాయనీ, మాట తిరిగి వచ్చినట్టు కాదనీ చెప్పింది. నేను ప్రకటించలేదు. కొందరికి నా మీద కోపం వచ్చింది, అయ్యగారికి విశ్వాసం తగ్గిందన్నారు. మరునాడు ఆయన నీళ్లడగలేక మంచం పట్టె గోళ్లతో గీరుతుంటే అద్భుతమని ప్రకటించిన నోటితో నేనేం చెప్పగలను? ఆ పాట వల్ల మేలు మాత్రం ఒకటి జరిగింది. ఎత్తబోయే ముందు ఒకరు పాట ఎత్తుకునేవారు, ఆయన ఎడమచేత్తో పట్టె మీద డోలక్ దెబ్బలు వేసేవారు, మూడో దెబ్బకు ఇద్దరూ చీర లేపేవారు. ఒకేసారి ఎత్తడం ఆ తాళం మీద బాగా కుదిరింది.

మార్చిలో ఆయన భార్య ఒక రేకు పెట్టె నాకు అప్పగించింది. శ్లాబు నాటి రసీదులు తేదీల వరసన కుట్టి ఉన్నాయి. పాత లెక్కలతో పోల్చి చూస్తే సిమెంటు బిల్లు ఒకటి రెండుసార్లు పడింది. ఆయన అప్పట్లో అన్నది అదే. పెద్ద మొత్తమేమీ కాదు, దొంగతనమూ కాదు, రాసినవారి పొరపాటు. కమిటీ పుస్తకంలో సవరణ రాసి సంతకాలు పెట్టాం. నేనూ కార్యదర్శీ ఆ పుస్తకం తీసుకుని వెళ్లి ఆయనకు చదివి వినిపించాం, క్షమించమని అడిగాం. ఆయన కాసేపు మావైపు చూసి మొహం గోడవైపు తిప్పుకున్నారు. అర్థమై తిప్పుకున్నారో, అలసి తిప్పుకున్నారో ఈనాటికీ తెలియదు. కార్యదర్శి అప్పటికే గురువారం సాయంత్రం వంతుకు వస్తున్నారు, ఆ తరువాతా మానలేదు. ఆయనకు గోళ్లు తీసేది ఎప్పుడూ కార్యదర్శే.

ఫలితం

నడుము కింది పుండు ఏప్రిల్ నాటికి మూడు సెంటీమీటర్లకు రెండు సెంటీమీటర్లయింది, పూర్తిగా మానలేదు. జూన్ రెండో వారంలో ఊపిరితిత్తుల్లో చీము చేరి, ఒంగోలులో మూడు రోజులుండి పెద్దాయన పోయారు. కోడలు నోట్‌బుక్కు తన దగ్గరే ఉంచుకుంటానని అడిగింది, ఇచ్చాం.

సంఘంలో వంతులకు ఎప్పుడో ఒకప్పుడు వచ్చినవాళ్లు మొత్తం 31 మంది. ఇప్పుడు నిలకడగా ఉన్నది 12 మంది. ఆదివారం హాజరు పెరగలేదు. ఇక్కడ వాక్యం తగ్గి ఆసుపత్రి పని ఎక్కువైందని రెండు కుటుంబాలు వేరే సహవాసానికి వెళ్లిపోయాయి. వాళ్లను ఆపడానికి నేను వెళ్లాను గాని ఆపలేకపోయాను. గోపురం ఇంకా కట్టలేదు. మళ్లీ మొదలుపెట్టే అవకాశం వస్తే, పాటలు పాడే బృందాన్ని పంపడానికి ముందు నర్సును పంపుతాను, ఇంట్లో పని చేస్తున్న మనిషి రాత్రి ఎన్ని గంటలు పడుకుంటోందో మొదట అడుగుతాను, పొగాకు కాలానికి సరిపడా కూలి డబ్బు అక్టోబరులోనే పక్కన పెడతాను. ప్రార్థన మనవుల కాగితంలో ఇప్పుడు పేరు పక్కన ఇంకొక గడి ఉంది: ఈ వారం ఎవరు వెళుతున్నారు. ఆ గడి నిండకుండా పేరు చదవను. మూడు ఆదివారాలు అలా చదవకుండా ఆగవలసి వచ్చింది, గుడి నిశ్శబ్దంగా ఉండిపోయింది, చివరికి ఎవరో చెయ్యెత్తారు.

ప్రస్తుతం రెండు ఇళ్లకు వంతులు నడుస్తున్నాయి. మూడో ఇల్లు మా విశ్వాసం కానివారిది. మంచాన ఉన్నది వాళ్ల తల్లి. మేం వస్తే మతం మార్చడానికి వచ్చారని నలుగురూ అనుకుంటారని వాళ్లు భయపడ్డారు, ఆ భయం అకారణమైనదని నేననను. గాలి పరుపు ఆశా కార్యకర్త చేతికిచ్చి పంపాం, చీరతో తిప్పే పద్ధతి నర్సు సోదరి ఆమెకు నేర్పింది. పోయిన నెలలో పరుపు మోటారు ఆగిపోయిందని ఆ ఇంటి నుంచి కబురొచ్చింది. మా కుర్రవాళ్లలో కరెంటు పని తెలిసినవాడు ఒకడు వెళ్లి, ప్లగ్గులో ఊడిన వైరు బిగించి, మోటారు మోత మళ్లీ వినబడేదాకా గుమ్మం దగ్గర నిలబడి, వచ్చేశాడు.